పేరు నగరమునకు, పంట మనకు

ద్రాక్షాసవమును విమర్శించువారు రుచిని తూచి ఊరకుందురు, పేరునుగూడ తూచవలెను. ఇటలీలో పీడ్‌మాంటు సీమయందలి బరోలో గ్రామము పేరే అచ్చటి ఆసవమునకు పేరు. దానిని నెబ్బియోలో ద్రాక్షతోనే చేయవలెను. టస్కనీలోని కియాంతి ఆసవమునకు సాంజొవేసె ద్రాక్ష ప్రధానము. 1963 నాటి ఇటలీ శాసనము ఇట్టి స్థలనామములకు రక్షణ కల్పించినది.

మన చిక్కబళ్లాపురపు తోటలలో పండు నల్లద్రాక్షకు మాత్రము ‘బెంగళూరు బ్లూ’ అని పేరు. పులుపు కలసిన తీపి, ఘాటైన పరిమళము దీని గుణములు. తీయని పోర్టు ఆసవములకు ఇది ఆధారము. 2013లో భౌగోళిక గుర్తింపు పొందినదియు ఆ నగరనామమే. గుర్తింపు మెచ్చదగినదే; కాని పందిరివేసి, కొమ్మలు కత్తిరించి, కాయను కాపాడిన రైతు ఊరు మరుగున పడినది. సీసాపై ద్రాక్ష పేరు ప్రక్కన, పండిన ఊరి పేరుకూడ ఉండవలెను. ఊరి పేరునే ఇంటిపేరుగా తరతరములు మోసుకొనివచ్చిన మనకు ఈ మాట వేరుగ చెప్పవలెనా?