పవర్ ఎలక్ట్రానిక్సులో స్వల్పకాలిక శిక్షణ - ఒక విమర్శ

ఉద్యోగములో ఉన్న ఇంజనీర్లకు, సాంకేతిక నిపుణులకు పవర్ ఎలక్ట్రానిక్సులో మూడు నుండి ఐదు దినముల శిక్షణ ఇచ్చే పద్ధతి ఇప్పుడు బాగా వ్యాపించినది. సౌరవిద్యుత్తు ఇన్వర్టర్లు, విద్యుద్వాహనాల చార్జర్లు, మోటారు వేగమును మార్చే డ్రైవులు - వీటన్నిటికి మూలమైన ఈ శాస్త్రమును, ఏనాడో పట్టా పుచ్చుకున్నవారు మళ్ళీ కూర్చుని నేర్చుకొనవలసి రావడము సహజమే. అవసరమును ఎవరూ కాదనరు. కాని ఆ కొద్ది దినములలో ఏమి చెబుతున్నారు, ఏమి వదలివేస్తున్నారు అన్నది విచారించదగిన విషయము.

విద్యార్థులకు కూడా సంగతి తెలియడానికి ఒక చిన్న లెక్క వేద్దాము. 24 వోల్టుల బ్యాటరీ నుండి 12 వోల్టుల వద్ద 2 ఆంపియర్లు కావలె ననుకొనండి. మిగిలిన 12 వోల్టులను ఒక నిరోధములో పోగొడితే 24 వాట్లు వేడిగా మారుతవి. తీసుకున్న శక్తిలో సగము వృథా. అట్లు కాక ఒక ట్రాన్సిస్టరును స్విచ్చిగా వాడి, సెకనుకు లక్ష సార్లు కలుపుతూ విడదీస్తూ, ప్రతిసారి సగము కాలమే కలిపి ఉంచితే సగటున 12 వోల్టులు వస్తవి. నడుమ 100 మైక్రోహెన్రీల తీగచుట్ట ఉంటే అందులో కరెంటు హెచ్చుతగ్గు 0.6 ఆంపియరును మించదు. ఈ సూత్రము చెప్పడానికి ఒక పూట చాలును. అందుచేత ఐదు దినముల శిక్షణలో ఇటువంటి మండలాలను ఒకదాని వెంట ఒకటి తెరపై చూపుతూ పోవడము నాకు కాలహరణముగానే తోస్తున్నది. అవి పుస్తకములో ఉన్నవి. నిపుణుడు ఇంటివద్ద చదువుకొనగలడు.

ఈ రంగములో పని చేస్తున్నవారికి పాఠము చెప్పడమెట్లో ఆలోచించినవారిలో అమెరికాలోని కాల్‌టెక్ ఆచార్యుడు మిడిల్‌బ్రూక్ ముఖ్యుడు. ఆయన, చూక్ అనే శిష్యుడు కలసి 1976లో ఈ స్విచ్చి మండలాలను సగటు విలువలతో విశ్లేషించే మార్గమును ప్రకటించారు. పరిశ్రమలలోని ఇంజనీర్లకు మిడిల్‌బ్రూక్ బోధించినది మరొకటి: సమీకరణమును సాధించడము కన్న దానిని చదవడానికి వీలుగా వ్రాయడము ముఖ్యమని. సమాంతరముగా ఉన్న 1000 ఓములు, 10 ఓములకు లబ్ధమును మొత్తముతో భాగించే సూత్రము 9.9 అని చెబుతుంది. చిన్నదే పెత్తనము చేస్తుందని ముందే గుర్తించినవాడు లెక్క లేకుండానే సుమారు 10 అంటాడు. డిజైను చేసేవానికి కావలసినది ఈ రెండవ చూపు. మన ఉన్నత పాఠశాలలలో కూడా దీనిని అలవాటు చేయవచ్చును. అయితే ఈ పద్ధతికి కూడా ఒక హద్దు ఉన్నది. కాగితముపై గీయని భాగములను అది చూపలేదు.

అక్కడనే ప్రయోగశాల అవసరము వస్తుంది. ఆసిలోస్కోపు ప్రోబుకు ఉండే గ్రౌండు తీగ 15 సెంటీమీటర్ల పొడవైతే దాని ఇండక్టెన్సు సుమారు 150 నానోహెన్రీలు. ప్రోబు కెపాసిటెన్సు 10 పికోఫారడులు అనుకుంటే ఈ రెండును కలసి దాదాపు 130 మెగాహెర్ట్జుల వద్ద అనునాదము పొందుతవి. స్విచ్చి తెగిన ప్రతిసారి తెరపై ఒక కంపనము కనబడుతుంది. అది యంత్రములోని దోషమని తలచి, దానిని అణచడానికి నిరోధములు, కెపాసిటర్లు చేర్చుతూ దినమంతా గడిపేవారు ఉంటారు. ప్రోబుకు పొడవైన తీగ తీసి, కొననే చిన్న స్ప్రింగు తగిలించి చూస్తే ఆ కంపనములో ఎంత భాగము కొలిచే సాధనము తెచ్చిపెట్టినదో అప్పుడే తెలిసిపోతుంది. ఈ పాఠమునకు పది నిమిషములు చాలును; కాని చేతితో చేయవలె. కంప్యూటరులో నమూనా నడిపించడము చౌక, నిరపాయము గనుక శిక్షణలు దానివైపే మొగ్గుతున్నవి. కంప్యూటరుకు గ్రౌండు తీగ పొడవు ఎవరైనా చెబితేనే తెలుస్తుంది. చెప్పవలెనని తెలిసినవానికి ఆ పాఠముతో పెద్దగా పని లేదు.

మరొక లోపము ఇంతకన్న తీవ్రమైనది. 230 వోల్టుల సరఫరాను రెక్టిఫై చేస్తే కెపాసిటరు సుమారు 325 వోల్టుల వరకు నిండుతుంది. 470 మైక్రోఫారడుల కెపాసిటరులో అప్పుడు దాదాపు 25 జౌళ్ళ శక్తి నిలిచి ఉంటుంది. ప్లగ్గు తీసినంత మాత్రాన అది పోదు. దానికి సమాంతరముగా 220 కిలో ఓముల నిరోధమును అమర్చినా, 50 వోల్టులకు దిగడానికి మూడు నిమిషములకు పైగా పడుతుంది. ఆ నిరోధము తెగిపోయి ఉంటే ఎంతసేపు పడుతుందో చెప్పలేము. చేతివాటము బాగా ఉన్నవారే, ఆ ధైర్యముతోనే, ఇక్కడ ప్రమాదమునకు లోనవుతారు. అయినను భద్రతకు మొదటి దినమున ఒక్క చిత్రపటము చూపి ముందుకు సాగడము చాలుననుకొంటున్నారు.

శిక్షణ చివర ఇచ్చే ప్రశ్నపత్రములో టిక్కులు పెట్టించడము కన్న, చెడిపోయిన సరఫరా పెట్టె ఒకటి బల్లపై ఉంచడము మేలు. నేర్చుకున్నవాడు మొదట ప్లగ్గు తీయవలె, మీటరు పెట్టి కెపాసిటరు వోల్టేజిని చూడవలె, అది మిగిలి ఉంటే తగిన నిరోధముతో దించి మళ్ళీ కొలవవలె. ఆ తరువాతనే స్క్రూడ్రైవరు పట్టవలె. ఈ వరుస తప్పినవానికి, సమీకరణములు ఎంత బాగా వచ్చినను, యోగ్యతాపత్రము ఆ దినమున ఇవ్వకూడదు.