పట్టుకొక సూది, టీషర్టుకొక సూది

కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మెషీన్ మీద దారం పదే పదే తెగుతుంటే చాలామంది ముందు దారాన్ని అనుమానిస్తారు, తర్వాత టెన్షన్ తిప్పి చూస్తారు, ఆపైన మెకానిక్‌కు ఫోన్ చేస్తారు. సూది సంగతి ఆఖరున గుర్తొస్తుంది. మొదట చూడాల్సింది దాన్నే.

మగ్గం వర్కు చేసేవారి చేతిలో ఆరి సూది ఉంటుంది. బట్ట ఎక్కడ బిగుసుకుందో, పోగు ఎక్కడ పట్టుకుందో వేళ్లకు వెంటనే తెలిసిపోతుంది, చెయ్యి తనే నెమ్మదిస్తుంది. నిమిషానికి ఏడెనిమిది వందల కుట్లు వేసే మెషీన్‌కు ఆ స్పర్శ లేదు. చెయ్యి చూపే ఆ జాగ్రత్తంతా మనం ముందే సూది ఎంపికలో చూపించాలి. అందుకే దీన్ని నేను మెషీన్ పని అనను, చేతిపనిలో భాగమే అంటాను.

సూది ప్యాకెట్ మీద 75/11 అని ఉంటే, 75 అంటే కాడ మందం 0.75 మి.మీ. 11 అనేది టైలర్లు ‘పదకొండు నంబరు’ అని అడిగే లెక్క. మామూలు 40 నంబరు రేయాన్, పాలిస్టర్ దారాలకు ఇది సరిపోతుంది. చిన్న అక్షరాలు కుట్టే సన్నని 60 నంబరు దారానికి 65/9 మేలు. జరీ దారానికి మాత్రం 90/14, అదీ బెజ్జం పెద్దదిగా ఉండే మెటాలిక్ సూది కావాలి. దారం కుట్టులో చేరేలోపు అదే బెజ్జంలో ఎన్నోసార్లు ముందుకూ వెనక్కూ రాసుకుంటుంది. బెజ్జం ఇరుకైతే జరీ మీది మెరుపు రేకు ఒలిచిపోతుంది. జానెడు దారం సూదికి ఎక్కించి, రెండు కొసలూ పట్టుకుని ఏటవాలుగా బిగించి చూడండి. సూది దానంతటదే జారితే బెజ్జం సరైనదే.

ఇక మొన. పట్టు రవికె గుడ్డకు సన్నని పదును మొన కావాలి. మొద్దుబారిన సూది పోగును చీల్చుకుపోలేక లాగేస్తుంది, అంచు దగ్గర జరీ ఉంటే అదీ పైకి లేస్తుంది. పట్టు మీద పడిన రంధ్రం మళ్లీ పూడదు, కుట్టు విప్పితే చుక్కల వరుస మిగిలిపోతుంది. ఆర్గంజా, జార్జెట్ కూడా ఈ కోవలోవే.

టీషర్టు బట్ట నేసింది కాదు, ఉచ్చులు ఉచ్చులుగా అల్లింది. పదును మొన ఒక ఉచ్చును తెంపితే ఆ రోజు ఏమీ కనిపించదు, ఉతికాక చిల్లు పడుతుంది. గుండ్రటి మొన ఉన్న బాల్ పాయింట్ సూది పోగుల్ని పక్కకు జరిపి దిగుతుంది. డెనిమ్, కాన్వాస్ లాంటి మందపాటి బట్టలకు 90/14 పదును సూది వాడాలి. సన్న సూది అక్కడ వంగి కుట్లు తప్పిస్తుంది.

ఇంటి మెషీన్ సూదుల తల ఒకవైపు చదునుగా, షాపుల్లోని పెద్ద మెషీన్లవి గుండ్రంగా ఉంటాయి. కొనేటప్పుడు పాత సూదిని వెంట తీసుకెళ్లడం మంచిది. సుమారు ఎనిమిది గంటలు కుట్టాక సూది మార్చాలి. బట్టను బిగించే హూప్‌కు తగిలిన సూదిని పైకి బాగానే కనిపించినా తీసేయాలి. మొనను గోటి మీద మెల్లగా జార్చి చూడండి, గీత పడితే దానికి ముల్లు లేచినట్టే. పట్టు గుడ్డ మీద పని మొదలుపెట్టేటప్పుడు మాత్రం గంటల లెక్క చూడకుండా కొత్త సూదే పెట్టాలి. అదే గుడ్డలో మిగిలిన ముక్క మీద, అసలు పనికి బట్ట కింద వేసే బ్యాకింగ్ పేపరే వేసి, ఒక పువ్వు కుట్టి వెలుతురుకు ఎత్తి చూడాలి. కుట్టు చుట్టూ రంధ్రాలు వెడల్పుగా కనిపిస్తే ఒక నంబరు తగ్గించాలి.