ఉత్తరంలో పట్టే పాట

బెంగళూరు శివారు హెబ్బగోడిలో హోసూరు రోడ్డు పొడవునా కట్టే ఫ్లెక్సీ బ్యానర్లలో ఉండేదీ పీవీసీయే, ఫ్లెక్సీ డిస్కులో ఉండేదీ పీవీసీయే. పోలిక అంతటితో సరి. బ్యానరు ఊరందరి కళ్ళలో పడాలని కడతారు. డిస్కు ఒక వందమందికి చేరితే చాలనుకుని వేస్తారు.

ఇది గ్రామఫోన్ రికార్డే, కాకపోతే కాగితంలా వంగుతుంది. మందం మిల్లీమీటరులో ఐదో వంతు ఉంటుంది. ఏడంగుళాల బిళ్ళ ఏడు గ్రాములు తూగుతుంది. అదే కొలత మామూలు రికార్డు నలభై గ్రాముల దాకా ఉంటుంది. పాట సాధారణంగా ఒకవైపే. నిమిషానికి 33⅓ చుట్ల వేగంలో ఐదారు నిమిషాలు పడుతుంది. కవరూ ఉత్తరమూ కలిపినా ఇరవై గ్రాములు దాటదు. దీని చరిత్రంతా ఈ తేలికదనం చుట్టూనే తిరిగింది: పత్రికలో పెట్టారు, పోస్టులో వేశారు.

బీటిల్స్ 1963 నుంచి 1969 దాకా ఏటా క్రిస్మస్‌కు తమ అభిమాన సంఘం సభ్యులకు పంపినవి ఇవే. నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక 1979 జనవరి సంచికలో హంప్‌బ్యాక్ తిమింగలాల పాటను ఇలాగే కోటీ ఐదు లక్షల ప్రతులలో పెట్టింది. మన పొరుగున భూటాన్ 1972లో తపాలా బిళ్ళనే రికార్డు చేసేసింది. వెనక జిగురు, ముందు గాడి, అందులో జానపద గీతాలూ జాతీయగీతమూ. సోవియట్ యూనియన్‌లో 'క్రుగొజోర్' అనే పత్రిక 1964 నుంచి పేజీల మధ్య ఇలాంటి బిళ్ళలు కుట్టి ఇచ్చేది. మనకు మాత్రం 'సోవియట్ భూమి' పత్రిక వచ్చేది, దాని నున్నటి కాగితం స్కూలు పుస్తకాలకు అట్టలయ్యేది.

సోవియట్ యూనియన్‌లోనే ఫ్లెక్సీకి దొంగచాటు అన్నయ్య ఒకడు ముందే ఉన్నాడు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత లెనిన్‌గ్రాడ్‌లో రుస్లాన్ బొగొస్లోవ్‌స్కీ, అతని స్నేహితులు ఆసుపత్రులు పారేసిన ఎక్స్‌రే ఫిల్ములు సంపాదించేవారు. కత్తెరతో గుండ్రంగా కత్తిరించి, నడుమ సిగరెట్టుతో కాల్చి చిల్లు పెట్టి, సొంతంగా తయారుచేసుకున్న యంత్రం మీద నిషేధిత జాజ్ పాటలు కోసి అమ్మేవారు. వెలుతురుకు ఎత్తి చూస్తే ఎవరి పక్కటెముకలో కనిపించేవి. కొద్దిసార్లు వాయిస్తే అరిగిపోయేవి. బొగొస్లోవ్‌స్కీ జైలుకెళ్ళి వచ్చి కూడా మళ్ళీ అదే పని చేశాడు.

అలాంటి ప్రమాదమేమీ లేకుండా, తక్కువ డబ్బుతో, బ్రిటన్‌లో 1980లలో కుర్రకారు ఈ దారి పట్టారు. చేత్తో రాసి జిరాక్సు తీసిన పత్రికలు నడిపేవారు, వాటి మధ్య ఫ్లెక్సీ పెట్టేవారు. షా-లా-లా అనే చిన్న లేబుల్ వేసినవన్నీ ఇలాంటివే. ఆ పత్రికల వాళ్ళే 1987లో బ్రిస్టల్‌లో సారా రికార్డ్స్ మొదలుపెట్టారు. రికార్డు దుకాణంవాడు పట్టించుకోని పాట ఇలా చందాదారుడి గుమ్మం దాకా వెళ్ళింది.

తెలుగులో సినిమా బయటి పాటకు పెద్ద చరిత్రే ఉంది. సాలూరి రాజేశ్వరరావు, రావు బాలసరస్వతీదేవి, టంగుటూరి సూర్యకుమారి, కరుణశ్రీ పద్యాలు పాడిన ఘంటసాల, అందరూ 78 ఆర్‌పీఎం రికార్డుల మీద ప్రైవేటు పాటలు ఇచ్చినవారే. పది అంగుళాల పలకకు ఒకవైపు మూడు నిమిషాల చిల్లర. పల్లవి, రెండు మూడు చరణాలు, అంతే చోటు. మన లలిత గీతం ఆకారంలో ఆ గడియారానికీ వాటా ఉందని నా నమ్మకం. ఆ పాటలు సినిమాకు బయట పుట్టాయి గానీ కంపెనీకి బయట పుట్టలేదు. ఎవరి గొంతు ఎక్కాలో హెచ్ఎంవీ లాంటి సంస్థే తేల్చేది. కంపెనీ చేతిలోంచి పాటను లాగింది క్యాసెట్టు. జననాట్యమండలి విప్లవ గీతాలు ఊరూరా తిరిగింది దాని మీదే. ఇంట్లో కాపీ తీసుకోగలిగితే ప్రెస్సుతో పనేముంది? ఫ్లెక్సీ మన దగ్గర వేళ్ళూనకపోవడానికి నాకు తోచే కారణం ఇదే, ఇందులో విచారించాల్సిందీ లేదు. ఉద్యమానికి క్యాసెట్టే సరైన సాధనం. ఒంటరి పాటగాడి సంగతి వేరు.

బయోకాన్ హెబ్బగోడి మెట్రో స్టేషన్ దిగి ఏ సందులోకి వెళ్ళినా తెలుగు చెవిన పడుతుంది. ఆనేకల్ తాలూకా పాత కాపులది ఒక తెలుగు, చిత్తూరు నుంచో అనంతపురం నుంచో వచ్చి పీజీ హాస్టళ్ళలో ఉండేవాళ్ళది మరొకటి. ఆ పీజీ గదిలో గిటారు పట్టుకుని సొంత పాట కట్టే కుర్రాడికి ఈ ఫ్లెక్సీ బిళ్ళ ఏం ఇస్తుంది, ఏం ఇవ్వదు అన్నది తయారీ చూస్తేనే తెలుస్తుంది.

పక్కనే బొమ్మసంద్ర షెడ్లలో ప్లాస్టిక్ మౌల్డింగ్ చేసినవారికి సగం తెలిసినట్టే. డై, వేడి, ఒత్తిడి. కష్టమంతా డైలోనే. అల్యూమినియం పళ్ళానికి లాకర్ పూత పూసి, కటింగ్ యంత్రం సూదితో దాని మీద గాడి కోస్తారు. దానికి వెండి పూత పట్టించి నికెల్ ప్లేటింగ్ చేస్తారు. నికెల్ రేకును ఊడదీస్తే గాడి ఉన్నచోట గట్టు వస్తుంది. అలా పుట్టిందే స్టాంపరు. మామూలు రికార్డుకు మెత్తబడిన వినైల్ ముద్దను రెండు స్టాంపర్ల మధ్య నొక్కుతారు. ఫ్లెక్సీకి ముద్ద ఉండదు, సిద్ధంగా ఉన్న పల్చటి షీటు మీద వేడి స్టాంపరు ఒత్తుతారు. అంత పల్చనిదానిలో గాడి లోతుగా దిగదు. మిగతా చిక్కులన్నీ అక్కడ మొదలయ్యేవే.

గాడి అటూ ఇటూ ఊగడమే శబ్దం. డప్పు మోత, డగ్గా గుమకం, బేస్ గిటారు లాంటి మంద్ర ధ్వనులకు ఊపు వెడల్పు ఎక్కువ, పక్క గాడిని ఒరుసుకుంటాయి. అందుకే కోసేటప్పుడు మంద్రాన్ని తగ్గించి తారాన్ని పెంచుతారు, వాయించేటప్పుడు ప్లేయరు దాన్ని తిరగేస్తుంది. 1954లో స్థిరపడి, తర్వాత లోకమంతా పాటించిన ఆర్ఐఏఏ లెక్క ఇది. అదొక్కటే ఫ్లెక్సీకి చాలదు. కుడి ఎడమల్లో మంద్రం వేరువేరుగా ఉంటే సూది పైకీ కిందికీ కదలాలి, లోతులేని గాడిలో గెంతుతుంది. బేస్ మొత్తం మధ్యకు, మోనోలోకి తెచ్చేయడమే మార్గం.

రెండో చిక్కు పాట చివర. ఏడంగుళాల బిళ్ళ అంచు దగ్గర సెకనుకు సుమారు 29 సెంటీమీటర్ల గాడి సూది కింద జారుతుంది. లోపలికి వచ్చేసరికి అది 19కి పడిపోతుంది. అదే సెకను శబ్దాన్ని తక్కువ పొడవులో ఇరికించాలి. శ, ష, సలు చీరుకుపోతాయి, తాళాలు ఇసుక రాలినట్టు వినిపిస్తాయి. మన భజనలు సరిగ్గా ఎదురు దారిలో నడుస్తాయి: నెమ్మదిగా ఎత్తుకుని, చిడతలూ తాళాలూ అన్నీ కలిసి ద్రుతంలో ముగుస్తాయి. ఫ్లెక్సీకి ఇంతకన్నా పనికిరాని ఆకారం లేదు. ఒక గొంతు, ఒక తీగ వాద్యం, చివరికి పల్చబడే పాట అయితే బాగా పలుకుతుంది. మూడున్నర నిమిషాల్లోపు పాటైతే 45 వేగంలో కోయించడం మేలు, గాడి వేగంగా నడుస్తుంది, చివర కాస్త తేటగా ఉంటుంది.

వినేవాడికీ పని ఉంటుంది. బిళ్ళ తేలిక కాబట్టి సూది బరువుకు ఆగిపోతుంది. లేబుల్ భాగం మీద రూపాయి బిళ్ళ పెట్టాలి. వంగి ఉంటే కింద మామూలు రికార్డు ఒకటి ఆసరాగా వేయాలి. మే నెల ఎండలో కారులో వదిలేస్తే పాట పోయినట్టే.

ధ్వని కోసమైతే ఫోనులో వినడమే నయం, ఇందులో దాపరికం అక్కర్లేదు. ఫ్లెక్సీని చవక రికార్డుగా చూసినవాళ్ళందరికీ నిరాశే మిగిలింది. ఇది పాట వేసిన పేజీ. సినిమా హాలు ముందు అమ్మే పాటల పుస్తకంలో మాటలుండేవి, వరస ఉండేది కాదు. ఇక్కడ సాహిత్యం, పాట పుట్టిన సంగతి, బొమ్మ, వరస అన్నీ ఒకే కవరులో దిగుతాయి. అది ఎవరి పేరున వస్తే వారిదే, శుభలేఖలాగా. తెలుగులో చిన్న సాహిత్య పత్రికలు దశాబ్దాలుగా బుక్‌పోస్టు మీదే బతికాయి. చందాదారుల చిరునామాల పట్టిక వాటి దగ్గర ఉంది, పాట ఈ కుర్రాడి దగ్గర ఉంది. అమెరికాలో ఎవా-టోన్ కంపెనీ 2000లో ఫ్లెక్సీలు ఆపేశాక పదేళ్ళకు వీటిని మళ్ళీ నిలబెట్టినవాటిలో డెసిబెల్ అనే సంగీత పత్రిక ఉండటం నాకు ఆశ్చర్యం కలిగించలేదు.

వేయించాలనుకునేవారు ముందు టెస్ట్ ప్రెస్సింగ్ తెప్పించుకోవాలి. దాన్ని స్టూడియోలో మంచి టర్న్‌టేబుల్ మీద విని మురిసిపోకూడదు. చందాదారుల్లో అందరికన్నా పాత ప్లేయరున్న ఇంటికి పట్టుకెళ్ళాలి. అక్కడ సూది గెంతితే మిక్స్ దగ్గరికి వెనక్కి వెళ్ళి బేస్ ఇంకాస్త దించాలి. గెంతకపోతే వంద కాపీలకు ఆర్డరివ్వొచ్చు.