గీత, బంక, పాలు: ఉత్తర తెలంగాణ వృత్తిపదాలను చదివే తీరుపై ఒక విమర్శ

కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల కథలు, నవలలపై వచ్చే సిద్ధాంతవ్యాసాల చివర మాండలిక పదపట్టిక ఒకటి చేర్చడం ఆనవాయితీ. 'గీత' అంటే కల్లు తీయడం, 'బంక' అంటే జిగురు. అంతటితో పని ముగుస్తుంది. అయితే ఇవి ప్రాంతీయ పరిమళం కోసం రచయితలు చల్లిన మాటలు కావు. చెట్టు శరీరాన్ని ఎరిగినవారి పారిభాషిక పదాలు. రబ్బరు చెట్టుతో పోల్చినప్పుడు ఈ సంగతి తేటపడుతుంది.

రబ్బరు ఈ జిల్లాల పంట కాదు. దాని పాలు చెక్కలో కాక లోబెరడులో, కేంబియం పొరకు దగ్గరగా వలయాలుగా అమరిన సన్నని నాళాల్లో ఉంటాయి. ఆ పొరను తాకకుండా బెరడును పలుచగా చెక్కే పద్ధతిని 1890ల దశకంలో సింగపూరు వృక్షోద్యానంలో రిడ్లీ రూపొందించాడు. పొర మిగిలితే బెరడు మళ్లీ పెరుగుతుంది. తరువాతి దశాబ్దాల్లో జావా, సుమత్రా, మలయా తోటల్లో లేతచెట్ల బెరడులోని పాలవలయాలను లెక్కించి మేలైనవాటిని ముందే ఎంచే ప్రయత్నాలు జరిగాయి. అధికంగా పాలిచ్చే చెట్టు మొగ్గను అంటుకట్టడం వాటికి తోడైంది.

ఈతచెట్టుకు కేంబియం లేదు. గీసిన చోటు పూడదు. అందుకే గీతకార్మికులు ఒక ఏడు ఒకవైపు, మరుసటి ఏడు కాస్త పైన ఎదురువైపు గీస్తారు. మానుపై మెట్లలా మిగిలిన గాట్లను లెక్కిస్తే ఆ చెట్టును ఎన్నేళ్లు గీశారో తెలుస్తుంది. తాటిచెట్టు దారి వేరు. అక్కడ గీసేది మానును కాదు, పూగెలను. మొక్కగా ఉన్నప్పుడు అది పోతుతాడో, కాయలు కాసే తాడో తెలియదు; గెల వేసేదాకా, అంటే సుమారు 12 నుంచి 15 ఏళ్లు ఆగాలి. అంటుకట్టే వీలూ లేదు. 2015లో మొదలైన హరితహారంలో నాటిన తాటిమొక్కలకూ ఇదే వర్తిస్తుంది.

ఈతమాను గాట్లను 'మానని గాయం'గా, పీడనకు ప్రతీకగా వ్యాఖ్యానించడం మన విమర్శకు అలవాటు. ఆ వ్యాఖ్య తప్పు కాదు, సగమే. మానకపోవడం ముందు ఆ చెట్టు స్వభావం. గాయాన్ని మాత్రమే చూసే విమర్శకుడికి, వైపు మార్చి గీయడంలో చెట్టును నిలుపుకొనే ఎరుక కనిపించదు.

ఆదిలాబాద్ అడవుల తపసి బంక సంగతి ఇంకొకటి. ఇది కల్లులా చక్కెర నీరూ కాదు, రబ్బరులా పాలూ కాదు. గాటు లోతైతే చెట్టే చచ్చిపోవచ్చు. ఈ మూడింటినీ 'స్రావం' అనే ఒక్క మాటతో సరిపెట్టే పాఠ్యపుస్తకపు తెలుగు కంటే అడవి తెలుగు నిక్కమైనది. (తెలుగు అకాడమీకి 1968లో తొలి అధ్యక్షుడైన పి.వి. నరసింహారావు ఆనాటి కరీంనగర్ జిల్లా మంథని శాసనసభ్యుడే!)

భద్రిరాజు కృష్ణమూర్తి ఆరంభించిన మాండలిక వృత్తిపదకోశాలు, 1962 నాటి వ్యవసాయ సంపుటం, 1971 నాటి చేనేత సంపుటం, పదాన్ని పని నుంచి విడదీయలేదు. మన పదపట్టికల్లోనూ ప్రతి పదం ఎదుట ఏ చెట్టు, ఏ భాగం, ఏ కాలం, ఏ పనిముట్టు అన్నవి ఉండాలి. అప్పుడు 'గీయడం' నరకడమూ కాదు, కోయడమూ కాదని, పలుచని పొరను తీయడమని పాఠకునికి తెలుస్తుంది. రబ్బరు తోటల్లో 'ట్యాపింగ్' అని పిలిచే పనికీ ఆ మాటే సరిపోతుంది.