శివయ్యకు పేరు పెట్టడం: 'స్వాతిముత్యం' పునఃపఠనంలో ఆటిజం అవగాహన

ఉపోద్ఘాతం

కె. విశ్వనాథ్ దర్శకత్వంలో 1986లో వెలువడిన 'స్వాతిముత్యం' చిత్రం తన నాయకుడైన శివయ్య స్థితికి ఏ వైద్యనామమూ ఇవ్వలేదు. ఊరివారి దృష్టిలో అతడు అమాయకుడు, లోకం పోకడ తెలియనివాడు. ఇటీవలి కాలంలో ఈ చిత్రాన్ని పరిచయం చేసే రచనలు కొన్ని అతనిని 'ఆటిజం ఉన్న వ్యక్తి'గా పేర్కొంటున్నాయి. ఈ నామకరణంలో సదుద్దేశం లేకపోలేదు. లోకం వెక్కిరించిన మనిషికి శాస్త్రం గుర్తించిన పేరు ఇస్తే అతనికి గౌరవం దక్కుతుందనే విశ్వాసం దాని వెనుక ఉంది. ఆ విశ్వాసం ఈ పాత్ర విషయంలో ఎంతవరకు నిలుస్తుందో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

పేరు ఎందుకు అవసరమైంది?

స్విస్ మనోవైద్యుడు బ్లాయిలర్ స్కిజోఫ్రీనియా రోగుల అంతర్ముఖత్వాన్ని సూచించడానికి 'ఆటిజం' అనే మాటను కల్పించాడు. 'తాను' అనే అర్థం గల గ్రీకు పదం దానికి మూలం. 1943లో లియో కానర్ 11 మంది పిల్లలను వర్ణిస్తూ రాసిన వ్యాసంతో అది బాల్యంలోనే బయటపడే ఒక ప్రత్యేక స్థితికి పేరుగా మారింది. మనం వాడుతున్న 'స్వలీనత' ఆ గ్రీకు మూలాన్నే అనుసరించింది. 'తనలో తాను లీనమైనవాడు' అనడంలో ఇతరులను కాదనుకున్నాడనే ధ్వని మిగిలిపోయింది. అందువల్ల ఈ వ్యాసంలో 'ఆటిజం' అనే మాటనే వాడుతున్నాను.

ఆ తరువాతి దశాబ్దాలలో తల్లి ప్రేమరాహిత్యమే ఈ స్థితికి కారణమనే వాదం చెలామణి అయింది. బ్రూనో బెటెల్‌హైమ్ 1967లో ప్రచురించిన గ్రంథం దానికి మరింత ప్రచారం తెచ్చింది. అంతకు మూడేళ్ల ముందే, 1964లో, బెర్నార్డ్ రిమ్లాండ్ ఆ వాదాన్ని ఖండిస్తూ కారణాలు జీవసంబంధమైనవని వాదించాడు. రిమ్లాండ్ మనస్తత్వ శాస్త్రవేత్త మాత్రమే కాదు, ఆటిజం ఉన్న బాలుని తండ్రి కూడా. ప్రజలకు తెలియజెప్పాలనే తపన తల్లిదండ్రులలో మొదలుకావడానికి ఒక ప్రధాన కారణం ఇక్కడ దొరుకుతుంది. వారు సానుభూతి కోరడానికి ముందు, తమ మీద పడిన నిందను తొలగించుకోవలసి వచ్చింది. పెంపకం లోపమని కోడలిని నిలదీసే ఇళ్లు మన దగ్గర ఇంకా ఉన్నాయి గనుక ఈ చరిత్ర మనకు పరాయిది కాదు.

రెండవ కారణం చట్టపరమైనది. మన దేశంలో 1995 నాటి వికలాంగుల చట్టం జాబితాలో ఆటిజం లేదు. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం దానిని గుర్తించింది. 2016 నాటి చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో దానికి చోటు దక్కింది. జాబితాలో పేరు లేనివారికి ధ్రువపత్రం లేదు, దాని మీద ఆధారపడిన హక్కులూ లేవు. నిజజీవితంలో పేరు విలువ ఇది.

శివయ్య పాత్ర: అమాయకత్వం చేసే పని

కథలోని పాత్రకు అదే పేరు పెట్టినప్పుడు పరిస్థితి వేరు. శివయ్య మాటను ఉన్నదున్నట్లుగా గ్రహిస్తాడు, ఎదుటివారి ఆంతర్యాన్ని పసిగట్టలేడు. ఈ రెండూ ఆటిజం లక్షణాలను గుర్తుచేసే మాట నిజమే. కానీ శబ్దస్పర్శాదుల పట్ల తీవ్ర ప్రతిస్పందన, మార్పును సహించలేని దినచర్య, ఒకే విషయంపై గాఢమైన ఆసక్తి వంటివి ఇక్కడ కథను నడిపించవు. కథను నడిపేది పసితనం. పెద్దవాని శరీరంలో పసివాని మనసు అనే భావన ఆటిజానికి నిర్వచనం కాదు. మేధోవైకల్యం, ఆటిజం ఒకే వ్యక్తిలో ఉండవచ్చు గాని అవి వేర్వేరు స్థితులు.

చిత్రానికి ఈ పసితనం ఎందుకు కావలసి వచ్చిందన్నది అసలు ప్రశ్న. శ్రీరామనవమి ఉత్సవంలో, అందరి సమక్షంలో, శివయ్య వితంతువైన లలిత మెడలో తాళి కడతాడు. తెలిసినవాడు ఆ పని చేస్తే అది సంస్కరణ, సమాజంతో ఘర్షణ. తెలియనివాడు చేస్తే అది దైవఘటన. ఆచారాన్ని ఎదిరించే భారాన్ని ఏ పాత్రా మోయనవసరం లేకుండా అతని స్థితి ఆ భారాన్ని మోసింది. కథలు వైకల్యాన్ని ఊతకర్రగా వాడుకుంటాయని మిచెల్, స్నైడర్ 'నేరేటివ్ ప్రాస్థెసిస్' (2000) గ్రంథంలో చేసిన ప్రతిపాదనకు ఇంతకన్నా దగ్గరి తెలుగు ఉదాహరణ నాకు కనిపించలేదు. ఆ క్షణంలో లలిత అంగీకారాన్ని ఎవరూ అడగలేదు. అతని అమాయకత్వం ఆ ప్రశ్నను కూడా మూసివేసింది. ఇటువంటి పాత్రను ఆటిజానికి ప్రతినిధిగా చూపితే, ఆటిజం ఉన్నవారు మంచిచెడ్డలకు అతీతులైన పవిత్రులని, తమ పనికి తాము బాధ్యులు కారని చెప్పినట్లవుతుంది. మనిషిని ముత్యం చేయడం కూడా అతనిని మనిషిగా చూడకపోవడమే.

అయినప్పటికీ ఈ చిత్రాన్ని అవగాహన రచనల పరిధి నుంచి తొలగించాలనడం నా అభిమతం కాదు. శివయ్యకు ఉద్యోగం, దాంపత్యం, పితృత్వం, వృద్ధాప్యం ఉన్నాయి. నేను చదివిన తెలుగు అవగాహన వ్యాసాలలో అధికభాగం మూడేళ్ల పిల్లవాని దగ్గర మొదలై బడి గుమ్మం దగ్గర ఆగిపోతాయి. ఆ పిల్లవాడు నలభై ఏళ్లవాడైన తరువాత ఎవరితో, ఎలా జీవిస్తాడనే ఊహను, లోపాలతోనే అయినా, మనకు అందించింది ఈ చిత్రమే.

ఇదే 1986లో అమెరికాలో టెంపుల్ గ్రాండిన్ తన ఆటిజం జీవితాన్ని తానే, సహరచయిత్రితో కలిసి, గ్రంథస్థం చేసింది. గది లోపల నుంచి వచ్చిన తొలి కథనాలలో అది ఒకటి. శివయ్య కథను మాత్రం మనం ఎప్పుడూ ఇతరుల కళ్లతోనే చూస్తాం. అతడు నవ్విస్తాడు, ఏడిపిస్తాడు, తనకు లోకం ఎలా వినిపిస్తున్నదో మాత్రం చెప్పడు.

లోకం తెలియనివానిని 'స్వాతిముత్యం' అని ఎగతాళి చేయడం మన వాడుకలో ఎప్పుడో చేరింది. ఈ మధ్య మా కళాశాల వరండాలో ఒక విద్యార్థి తన మిత్రుని మందలిస్తూ అన్న మాట విన్నాను. "స్వాతిముత్యం అనకురా, అతనికి ఆటిజం ఉందేమో" అంటాడనుకున్నాను. "వాడో ఆటిజం కేసురా, వదిలెయ్" అన్నాడు.