పందెం తీసేస్తే మిగిలే ఆట

పేకాట పేరు ఎత్తగానే మన పెద్దమనుషులు రెండు రకాల తీర్పులు చెబుతారు. అది వ్యసనమనేది ఒకటి. పొద్దుపోవటానికి ఆడుకొనేది, దాన్ని గురించి ఆలోచించవలసిందేమీ లేదనేది రెండవది. మొదటివారు తాకట్టుకు పోయిన పొలాలను చూశారు. రెండవవారు మధ్యాహ్నం వేళ అరుగుమీద నలుగురు చేరి నవ్వుకోవటం చూశారు. ఇద్దరూ చూసింది నిజమే. కాని ఇద్దరూ పేకాటను ఒకే ఒక ఆట అనుకున్నారు. ముక్కలు అవే అయినా ఆటలు అనేకం. నవలా, ప్రాంసరీ నోటూ రెండూ కాగితం మీద రాసేవే. అంతమాత్రాన రెంటినీ ఒకే గాటన కట్టం గదా!

నాకు ఇష్టమైన కొన్ని పాత ఆటలను తీసుకొని, వాటి మంచిచెడ్డలు నిర్ణయించటానికి ఒక కొలతను ఇక్కడ ప్రతిపాదిస్తున్నాను. కొలత చాలా సులభం. ఆటలోనుంచి పందెం తీసేసి చూడండి. ఏమి మిగులుతుంది?

పోకరులోనుంచి పందెం తీసేస్తే దాదాపు ఏమీ మిగలదు. పందెం పెంచటమే అక్కడ ఎత్తు. చేతిలో ఏమీ లేనివాడు డబ్బు ఎక్కువ ఒడ్డి, మంచి ముక్కలున్నవాణ్ణి బెదరగొట్టి పంపేయవచ్చు. డబ్బుకు బదులు చింతగింజలు పెట్టి ఆడితే బెదిరేవాడెవడు? మన మూడు ముక్కలాట కూడా ఈ జాతిదే. లోపల-బయట సంగతి సరేసరి; ముక్క ఎటు పడిందో చూడటం తప్ప అందులో ఆటగాడు చేసేదేమీ లేదు. పోకరులో తెలివి లేదని నేననటం లేదు. లెక్క కట్టటం, ఎదుటివాడి ముఖం చదవటం తక్కువ విద్యలు కావు. కాని అవన్నీ ఎదుటివాడి నష్టభయం మీద పనిచేసే విద్యలు. భయం లేకపోతే విద్యకు పనిలేదు.

ఇక రెండవ జాతి చూద్దాం. మొగలుల కాలంలో ఈ దేశంలో గంజీఫా అనే ఆట ఉండేది. ఆ గుండ్రని ముక్కల కట్టను 1527లో బాబరు సింధు ప్రభువుకు పంపినట్లు తన స్వీయచరిత్రలో రాసుకున్నాడు. అక్బరు కొలువులో ఈ ఆట తీరును అబుల్ ఫజల్ వర్ణించాడు. తెలంగాణాలో నిర్మల చిత్రకారులు కూడా ఈ ముక్కలు తయారుచేసేవారు. అందరికీ తెలిసిన కట్టలో ఎనిమిది రంగులు, రంగుకు 12 చొప్పున 96 ముక్కలు. ఒక రంగు పేరు కిరీటం, ఒకటి కత్తి, ఒకటి గులాం. సగం రంగుల్లో రాజు, వజీరుల తర్వాత పది పెద్ద. మిగతా సగంలో అది తలకిందులై ఒకటే పెద్ద. ఏ ముక్క పడిపోయింది, ఏది ఇంకా చేతుల్లో ఉన్నది అనే జ్ఞాపకమే ఈ ఆటకు ప్రాణం. దీన్ని అడ్డం పెట్టుకొని జూదమాడలేదా అంటే ఆడారు. కాని అందుకు నక్ష్ అనే వేరే ఆట, 48 ముక్కల వేరే కట్ట ఉండేవి. ఆటకూ జూదానికీ తేడా ఉన్నదని ఆనాటివారికి బాగా తెలుసుననటానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

ఇప్పుడు మనం వాడే 52 ముక్కల కట్ట సముద్రం మీద వచ్చింది. ఆ చరిత్ర మన మాటల్లోనే ఉంది. మనం కళావరు అనేది డచ్చివారి క్లావర్. ఆఠీను వారి హార్టెన్. మచిలీపట్నం, పాలకొల్లు, భీమునిపట్నాలలో డచ్చివారు కొఠీలు పెట్టి మన నేతగాళ్ళ బట్టలు ఓడలకెక్కించారు. బట్ట ఓడెక్కింది, పేకముక్క ఒడ్డున దిగింది. బేస్తు ఆట పేరు కూడా యూరపులో ఒకప్పుడు ఊరూరా ఆడిన ఓంబర్ ఆట పరిభాషలోనిదే. ఒప్పుకున్న ఆట గెలవలేనివాడు అక్కడ బీస్టు, ఇక్కడ బేస్తు. పరాయి వర్తకుల సరుకును మన జనం తమ మాటలోకీ తమ అరుగుమీదికీ తెచ్చుకొని సొంతం చేసుకున్నారు.

గురజాడ ఈ సంగతి గ్రహించాడు. ‘కన్యాశుల్కం’లో మధురవాణితోపాటు భుక్త, పోలిశెట్టి, సిద్ధాంతి పేకాటకు కూర్చుంటారు. వీధిలో ఎవరి దారి వారిదైన మనుషులను నాటకకర్త ఒకచోట కూర్చోబెట్టాడు. వేశ్య, కోమటి, జ్యోతిష్కుడు అందరూ ఒకే కట్టలోనుంచి ముక్క తీసుకోవాలి. అక్కడ బయటపడేది ముక్కల బలం కాదు, మనుషుల స్వభావం. పేకాట నీతిబాహ్యమని ఉపన్యాసం చెప్పటానికి ఆ ఘట్టం పెట్టలేదు. ఆ మనుషులను ఒక్కచోట చూపటానికి అంతకంటె అనువైన చోటు లేదు గనుక పెట్టాడు.

మలయాళ దేశంలో బాగా ఆడే ఇరవై ఎనిమిది ఆటలో ఒక విశేషముంది. 32 ముక్కలు, నలుగురు మనుషులు, ఇద్దరిద్దరు జట్టు. జాకీ అన్నిటికంటె పెద్ద, దానికి మూడు. తర్వాత తొమ్మిది, దానికి రెండు. ఆసుకూ పదికీ ఒక్కొక్కటి. రాజుకు సున్న, రాణికి సున్న. బంటు రాజును కొట్టే ఈ పద్ధతిలో విప్లవ సందేశం వెతికే విమర్శకులుంటారు. అంత దూరం పోనక్కరలేదు. విలువ ముక్క మీది బొమ్మలో లేదనీ, కూర్చున్నవాళ్ళందరూ కలిసి ఒప్పుకున్న నియమంలో ఉందనీ ఒక కుర్రవాడు గ్రహిస్తే నాకంతే చాలు.

వీటన్నిటిలో నాకు ఎక్కువ ఇష్టమైనది లిటరేచర్. పేరు చూసి అనలేదు! 48 ముక్కలు, ఆరుగురు, ముగ్గురొక జట్టు. ఆరేసి ముక్కల చొప్పున ఎనిమిది వరసలు. ఎదుటి జట్టులో ఎవరినైనా పేరుపెట్టి పిలిచి, ఫలానా ముక్క ఉందా అని అడగాలి. ఆ వరసలో ఒక ముక్కయినా చేతిలో లేనివాడికి అడిగే హక్కు లేదు. ఉంటే ఇవ్వాలి, లేకపోతే అడిగే వంతు అతనిది. ప్రశ్న వేసినవాడు తన గుట్టులో కొంత విప్పక తప్పదు. దాన్ని బట్టి జట్టువాళ్ళు ఊహించుకోవాలి. ఇందులో రూపాయి పెట్టటానికి చోటే లేదు, పెట్టాలని తోచదు కూడా.

ఇక మనవాళ్ళ పదమూడు ముక్కలాట, రమ్మీ. ఇక్కడ నా కొలత ఒక్కటే చాలదు. పందెం తీసేసినా రమ్మీ నిలుస్తుంది. దాని మీద సుప్రీంకోర్టు 1967 నవంబరులో తీర్పిచ్చింది. కేసు సికిందరాబాదులోని ఒక క్లబ్బుది. మూడు ముక్కలాట అదృష్టం మీద నడిచేదనీ, రమ్మీకి జ్ఞాపకమూ ముక్కలు పేర్చే నేర్పూ కావాలనీ కోర్టు అన్నది. దానితోపాటు, ఆట నడిపేవాడు పందెం మీద లాభం తీస్తుంటే నేరం కావచ్చునని కూడా అన్నది. ఆ తర్వాత వచ్చిన వ్యాపారులు మొదటి సగం పటం కట్టించుకున్నారు, రెండవ సగం మరచిపోయారు. నేర్పుగల ఆట అనే పేరుతో రమ్మీ సెల్‌ఫోనులోకి ఎక్కింది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో దాన్ని నిషేధించాయి. నేర్పా, అదృష్టమా అనే విచారణ లేకుండా ఆన్‌లైన్ డబ్బాటలన్నిటినీ నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది.

కాబట్టి మొదటి ప్రశ్నకు రెండవది చేర్చాలి: ఆట సాగుతున్నంతసేపూ లాభం ఎవరికి? అరుగుమీద కూర్చున్న నలుగురికీ ఒకరి సంగతి ఒకరికి తెలుసు. వీడికి ఈ నెల జీతం రాలేదనీ, వాడి ఇంట్లో జబ్బు మనిషి ఉన్నదనీ తెలుసు. “ఇక చాలు, లేవరా!” అనే మామయ్య ఒకడుంటాడు. ఫోనులోని బల్లకు అటువంటి మామయ్య లేడు. ఆటకింతని మినహాయించుకొనే కంపెనీకి ఆట ఆగటమే నష్టం. కనుక లేచిపోదామనుకున్నవాడికి అది బోనసు చూపించి మళ్ళీ కూర్చోబెడుతుంది. ఆ ఆటగాడి నేర్పు ఎంతదయినా, అతని తీరిక మాత్రం సరుకయింది. పొలం పోయేది, పిల్ల ఫీజు పోయేది అక్కడ.

నిషేధం అవసరమే. అయితే చట్టం ఒక తలుపు మూయగలదుగాని, మనిషి తీరికను నింపలేదు. పగలంతా పనిచేసి వచ్చినవాడు రాత్రి కాసేపు నలుగురితో నవ్వాలనుకోవటం తప్పు కాదు. అది అతని హక్కు. ఆ హక్కుకు తగిన ఆటలు మనకు ఉన్నాయి. వాటి నియమాలు చాలావరకు పెద్దవాళ్ళ నోళ్ళలోనే ఉన్నాయి. వారు బతికి ఉండగానే ఊరూరా ఆ ఆటల పేర్లూ, పలుకుబళ్ళూ, పద్ధతులూ అడిగి రాసుకోవటం పాటలూ సామెతలూ సేకరించటంలాంటి పనే. బేస్తు ఆడటం తెలిసిన తాతగారి దగ్గర ముగ్గురు పిల్లలు కూర్చుని నేర్చుకుంటే, వాళ్ళకు ఒక ఆటతోపాటు ముక్క కలిపి పంచటంలోని న్యాయం, ఓడి నవ్వటంలోని మర్యాద కూడా వస్తాయి. అందుకు కావలసిన పెట్టుబడి ఒక పేక, ఒక చాప.