పెసర ఛాయ, పాలపిట్ట ఛాయ

నా దగ్గర డిజిటల్ బొమ్మలు నేర్చుకునే కుర్రాడొకడు వాళ్లమ్మ బొమ్మ వేసి తెచ్చాడు. ఏదో గేమ్ కోసం తను రాసుకున్న కథలో ఆవిడొక పాత్ర. రాత్రిపూట తోపుడుబండి దగ్గర నిలబడి మొక్కజొన్న పొత్తులు కాలుస్తూ ఉంటుంది. గీత బాగుంది, పోలిక కుదిరింది. మొహం మాత్రం తడి ఆరని సిమెంటులా ఉంది.

“ఫొటోలోంచి ఐడ్రాపర్‌తో తీసిన రంగే సార్. అయినా అమ్మలా లేదు” అన్నాడు.

వాడు చేసిన తప్పు మేమందరం చేసిందే. బుగ్గ మీద ఒక్క చుక్క రంగు తీసి మొహమంతా నింపాడు. నీడ కావాల్సిన చోట అందులో నలుపు కలిపాడు, వెలుగు కావాల్సిన చోట తెలుపు కలిపాడు. చర్మానికి ఒక రంగంటూ ఉంటుందనే నమ్మకం మనకు క్రేయాన్ల పెట్టెతోనే మొదలవుతుంది. “స్కిన్ కలర్ ఇవ్వరా” అని పక్కవాణ్ని అడిగితే లేత గులాబీ పుల్ల చేతిలో పెట్టేవాడు. ఇచ్చిన చెయ్యీ పుచ్చుకున్న చెయ్యీ ఆ రంగులో లేవని ఇద్దరికీ తట్టేది కాదు. అమెరికాలో క్రేయోలా కంపెనీ ఆ పుల్ల పేరును 1962లోనే ‘ఫ్లెష్’ నుంచి ‘పీచ్’కి మార్చేసింది. మన పిల్లల నోట పాత పేరే నడుస్తోంది.

ఫొటోని నమ్మడం ఇంకో చిక్కు. కొడాక్ వాళ్లు ఫొటో ల్యాబులకు ‘షర్లీ కార్డు’లు పంపేవారు. వాటి మీద ఉండే తెల్లమ్మాయి మొహం బాగా వస్తే ప్రింటు సరిగ్గా ఉన్నట్టు లెక్క. ముదురు గోధుమ రంగులు సరిగ్గా పడటం లేదని చాక్లెట్ల వాళ్లూ చెక్క ఫర్నిచర్ వాళ్లూ గొడవ పెట్టాకే ఫిల్మ్ మారడం మొదలైందని లోర్నా రోత్ అనే పరిశోధకురాలు రాశారు. మనుషుల మొహాల కోసం కాదు, బల్లల కోసం! ఇప్పటి ఫోన్లు అంత అన్యాయంగా లేకపోయినా, అడక్కుండానే మొహాన్ని నునుపు చేసి ఒక వన్నె తేల్చేవి బోలెడు.

సరే, మరి రంగు ఎక్కణ్నుంచి తేవాలి? విష్ణుధర్మోత్తర పురాణంలో బొమ్మలు వేసేవాళ్ల కోసం చెప్పిన భాగం ఒకటుంది, చిత్రసూత్రం. మేని ఛాయల్ని అది గౌరం, శ్యామం అని రెండు కుటుంబాలుగా విడదీసి, గౌరంలో 5, శ్యామంలో 12 రకాలు లెక్కపెడుతుంది. ఆ పన్నెండులో పెసలున్నాయి, గరిక మొలక ఉంది, కోతి ఉంది, నల్లకలువ, ఎర్రకలువ, మబ్బు ఉన్నాయి. చాషం, అంటే మన పాలపిట్ట కూడా ఉంది. శ్యామం అక్కడ ఇంటిపేరు లాంటిది. మనిషిని గుర్తుపట్టేది ముందున్న పేరుతోనే.

దీని పక్కన ఫోన్‌లోని ఎమోజీలను పెట్టి చూడండి. 2015లో వాటికి చేరిన మేని ఛాయలు మొత్తం 5. ఫిట్స్‌పాట్రిక్ అనే చర్మవైద్యుడు 1975లో మొదలుపెట్టిన, తర్వాత ఆరు తరగతులైన పట్టికలో మొదటి రెండింటినీ కలిపేస్తే వచ్చినవి. ఎండకు ఎవరి ఒళ్లు ఎంత కందుతుందో తేల్చడానికి వేసిన పట్టిక అది, చిత్రకారుడి కోసం వేసింది కాదు. 2022లో ఎల్లిస్ మంక్ అనే సామాజిక శాస్త్రవేత్త రూపొందించిన 10 ఛాయల కొలబద్దను గూగుల్ విడుదల చేసింది. అది నయమే. అయినా దాన్లోనూ లేతనుంచి ముదురుకి ఒకే మెట్లదారి. పెసరకీ పాలపిట్టకీ ఉన్న తేడా ముదురులో లేదు, లోపల తొంగిచూసే రెండో రంగులో ఉంది. ఆకుపచ్చ వైపు మొగ్గే నలుపు వేరు, నీలం వైపు మొగ్గే నలుపు వేరు.

లోపలి రంగు అంటే మాటవరసకు అన్నది కాదు. కరెంటు పోయినప్పుడు టార్చి మీద అరచెయ్యి మూసి, ఎర్రగా వెలిగే వేళ్లను చూసుకోని పిల్లలుండరు. వెలుతురు చర్మం మీద ఆగిపోదు, లోపలికి దిగి, నెత్తుట్లో తిరిగి, ఇంకోచోట బయటికొస్తుంది. దీన్ని కంప్యూటర్‌తో త్వరగా లెక్కకట్టే పద్ధతిని 2001లో జెన్సెన్, మార్ష్‌నర్, లెవాయ్, హన్రహాన్ ప్రకటించాకే త్రీడీ పాత్రల చర్మానికి ప్లాస్టిక్ కళ తగ్గుతూ వచ్చింది. చేత్తో వేసేవాడికి ఆ లెక్కలు అక్కర్లేదు. వెలుగు ముగిసి నీడ మొదలయ్యే అంచున సన్నగా ఎరుపు తగిలించాలి, అంతే. చెవి తమ్మెలు, ముక్కుపుటాలు, వేళ్ల కణుపులు కూడా కాస్త ఎర్రబడాలి. తెలుగులో ఛాయ అంటే ఒంటి రంగూ అవుతుంది, నీడా అవుతుంది. ఈ పనిలో సగం కష్టం ఆ రెండూ కలిసేచోటే.

మేలిమి నలుపు దగ్గర ఇంకో సంగతి. పైపొరలో మెలనిన్ ఎక్కువగా ఉంటే లోపలికి దిగిన వెలుతురు తిరిగొచ్చేది తక్కువ. అప్పుడు పైమెరుపు ముందుకొస్తుంది. అందుకే తెల్లటి మొహానికి నీడలతో రూపం కడతాం, నల్లటి మొహానికి మెరుపులతో. ఆ మెరుపు తెల్లగా ఉండనక్కర్లేదు, చుట్టూ ఏముంటే ఆ రంగు పట్టుకుంటుంది. ఆరుబయట నిలబడ్డ నల్లటి మనిషి నుదుటి మీద ఆకాశం ఉంటుంది. పాలపిట్ట పేరు పెట్టినాయన అదే చూశాడని నా నమ్మకం. రుజువు అడిగితే లేదు.

ఇక వాడి బొమ్మ. బొమ్మలు వేసే సాఫ్ట్‌వేర్ క్రిటా తెరిచి కూర్చున్నాం. మనుషుల చర్మం ఎవరిదైనా రంగుల చక్రంలో ఎరుపుకీ పసుపుకీ మధ్య చిన్న ముక్కలోనే తిరుగుతుంది. వాళ్లమ్మ చామనచాయకు హ్యూ (ఆ చక్రంలో చోటు) 20, శాచురేషన్ (రంగు చిక్కదనం) 55, బ్రైట్‌నెస్ 50 పెట్టాం. నీడలో నలుపు కలపకుండా హ్యూని ఎరుపు వైపు 8కి జరిపి, శాచురేషన్ 60కి పెంచి, బ్రైట్‌నెస్ 28కి దించాం. బొగ్గుల వెలుగు కిందినుంచి కదా, గడ్డం కిందా ముక్కు అడుగునా 24, 80, 75. నుదుటి మీద వీధిలైటు. అక్కడ శాచురేషన్ 18కి పడిపోయింది. విడిగా తీసి చూస్తే అది ఉత్త బూడిద రంగు. నారింజ మధ్యలో పెట్టేసరికి నీలంగా కనబడింది. కుర్రాడు నమ్మలేక ఐడ్రాపర్‌తో మళ్లీ తీసి చూసుకున్నాడు. పొత్తు తిప్పుతున్న చేతికి అరచెయ్యి లేతగా వేయడం మర్చిపోయాడు, అదీ దిద్దాం.

మెత్తటి ఎయిర్‌బ్రష్ మాత్రం లాక్కున్నాను. నీడలు పరవడానికి చిత్రసూత్రం మూడు దారులు చెబుతుంది. ఆకు ఈనెల్లాంటి గీతలతో పత్రజం, సన్నటి గీతలతో ఐరికం, చుక్కలతో బిందుజం. మూడింటిలోనూ చెయ్యి కదిలిన ఆనవాలు మిగులుతుంది. ఎయిర్‌బ్రష్‌కి మిగలదు, అందుకే దాంతో వేసిన బుగ్గలు బెలూన్లయిపోతాయి. ఇటలీలో 1400 ప్రాంతంలో చెన్నినో చెన్నీని రాసిన చిత్రకారుల పుస్తకంలోనూ మొహాల రంగు మీద ఇలాంటి పట్టింపే కనిపిస్తుంది. మొహాలకు ముందు ఆకుపచ్చ మట్టిరంగు పూసి ఆపైన గులాబీ వేయమంటాడు. రంగు కలపడానికి పడుచు మొహాలకు పట్నం కోడిగుడ్ల లేత సొన వాడాలట, ముసలివాళ్లకూ ముదురు ఛాయ వాళ్లకూ పల్లెటూరి కోడిగుడ్ల ఎర్ర సొన కావాలట.

వారం తర్వాత కుర్రాడు పూర్తయిన ఫైలు పంపాడు. లేయర్లకు ‘పెసర’, ‘బొగ్గులు’, ‘పాలపిట్ట’ అని పేర్లు పెట్టుకున్నాడు. అమ్మకు చూపించావా అని అడిగాను.

“చూపించాను సార్. ‘మరీ ఇంత నల్లగా ఉన్నానా? కాస్త తెలుపు కొట్టరాదూ’ అంది.”

“కొట్టావా?”

“లేదు సార్. ముక్కు మీద మెరుపు ఒక్క పిసరు పెంచి మళ్లీ చూపించా. ఇప్పుడు బాగుందంది.”